తల మీద నుంచి సౌండ్ రావాలంటే స్పీకర్ ఎక్కడ పెట్టాలి?

ఇవాళ ఒక తప్పు గురించి మాట్లాడుకుందాం. తప్పు వేరే ఎవరిదో కాదు, నాదే. డబ్బులు మాత్రం మా నాన్నవి.

మా నాన్నగారు రిటైర్ అయ్యాక కాకినాడలో ఇల్లు కట్టుకున్నారు. హాల్‌కి ఫాల్స్ సీలింగ్ వేస్తున్న టైమ్‌లో నేను హైదరాబాద్‌లో ఆఫీస్ పనిలో మునిగి ఉన్నా. సీలింగ్ మిస్త్రీ ఫోన్ చేసి, "ఏవండీ, స్పీకర్లకి కన్నాలు ఎక్కడ కొట్టమంటారండీ?" అని అడిగాడు. నేను ల్యాప్‌టాప్‌లోంచి తల కూడా ఎత్తకుండా, "నాలుగు మూలలా ఒక్కోటి పెట్టేయండి, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది" అనేశా. పండక్కి వెళ్లి, అన్నీ కనెక్ట్ చేసి, ఒక యాక్షన్ సినిమా పెట్టా. పది నిమిషాలు చూసి నాన్న అన్న మాట ఇది: "ఏరా, రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ విన్నట్టు ఉందేంట్రా?"

స్పీకర్లు మంచివే. రిసీవర్ మంచిదే. వైరింగ్ కరెక్టే. మరి సమస్య ఎక్కడ? యాంగిల్‌లో. ఈ ఒక్క ఎపిసోడ్‌లో మీరు గుర్తు పెట్టుకోవాల్సిన మాట ఇదే: పై స్పీకర్ల స్థానాన్ని గది మూలల్ని చూసి డిసైడ్ చేయకూడదు, మీరు కూర్చునే చోటుని చూసి డిసైడ్ చేయాలి.

ముందు నంబర్లు క్లియర్ చేసుకుందాం. 5.1.4 అని బాక్స్ మీద ఉంటుంది కదా. మొదటి 5 అంటే చెవి ఎత్తులో ఉండే స్పీకర్లు: ముందు ఎడమ, కుడి, మధ్యలో సెంటర్, పక్కల్లో రెండు సరౌండ్‌లు. 1 అంటే సబ్‌వూఫర్. చివరి 4 అంటే పైన ఉండేవి. 5.1.2 అయితే పైన రెండే. రిసీవర్ కొనేటప్పుడు కూడా ఇదే లెక్క. 5.1.2 నడపాలంటే 7 ఛానెళ్ల ఆంప్ కావాలి, 5.1.4 కి 9 కావాలి. సబ్‌వూఫర్‌కి మామూలుగా సొంత ఆంప్ ఉంటుంది.

ఈ డాల్బీ అట్మాస్ థియేటర్లలోకి 2012 లో 'బ్రేవ్' సినిమాతో వచ్చింది. అదే ఏడాది చివర్లో 'శివాజీ త్రీడీ' కూడా అట్మాస్‌లో వచ్చింది. ఇళ్లలో వాడే రిసీవర్లలోకి 2014 లో వచ్చింది. అంతకు ముందు సౌండ్ మిక్స్ చేసేవాళ్లు "ఈ శబ్దం ఎడమ స్పీకర్‌కి పంపు" అని రాసేవారు. అట్మాస్‌లో "ఈ హెలికాప్టర్ గదిలో ఫలానా చోట ఉంది" అని రాస్తారు. అక్కడ వినిపించాలంటే ఏ స్పీకర్‌కి ఎంత పంపాలో మీ రిసీవర్ లెక్క వేస్తుంది. అంటే దానికి స్పీకర్లు ఎక్కడున్నాయో తెలియాలి. మీరు చెప్పిన చోట స్పీకర్ లేకపోతే లెక్క తప్పుతుంది. కోడ్‌లో తప్పు ఇన్‌పుట్ ఇచ్చి కరెక్ట్ అవుట్‌పుట్ రావాలంటే ఎలా?

ఇప్పుడు అసలు విషయం. శబ్దం పై నుంచి వస్తోందని మనకి ఎలా తెలుస్తుంది? కుడి, ఎడమ ఈజీ. కుడి వైపు శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి ఒక మిల్లీసెకండ్ కంటే తక్కువ తేడాతో చేరుతుంది. ఆ చిన్న తేడాని మెదడు పట్టేస్తుంది. కానీ నడినెత్తి మీద నుంచి వచ్చే శబ్దం రెండు చెవులకీ ఒకేసారి చేరుతుంది కదా! అక్కడ పని చేసేది మన చెవి డొప్ప. దాని మీదున్న మడతలు, పై నుంచి వచ్చే శబ్దంలోని హై ఫ్రీక్వెన్సీల్ని ఒక రకంగా మారుస్తాయి, ఎదుటి నుంచి వచ్చేవాటిని ఇంకో రకంగా మారుస్తాయి. ఆ తేడాతోనే మెదడు ఎత్తు కనిపెడుతుంది.

ఇది ఇంట్లోనే టెస్ట్ చేయొచ్చు. కళ్లు మూసుకుని కూర్చోండి. మీ తమ్ముణ్ణో చెల్లినో తాళాల గుత్తి తీసుకుని మీ ముఖం ముందు ఒకసారి, తల పైన ఒకసారి గలగలలాడించమనండి. ఎక్కడుందో చెప్పేస్తారు. ఇప్పుడు వేళ్లతో చెవి డొప్పల్ని మడిచి పెట్టి, కన్నం మాత్రం మూయకుండా మళ్లీ చేయండి. చాలామందికి తికమక అవుతుంది.

దీన్ని బట్టి స్పీకర్ డిజైన్ గురించి రెండు విషయాలు అర్థమవుతాయి. ఒకటి, పై స్పీకర్లలో ట్వీటర్ ముఖ్యం, పెద్ద బేస్ కాదు. బేస్ ఎలాగూ సబ్‌వూఫర్ చూసుకుంటుంది, అందుకే పై స్పీకర్లని సెట్టింగ్స్‌లో "స్మాల్" అని పెట్టి, క్రాసోవర్ 80 నుంచి 120 హెర్ట్జ్ మధ్య ఇవ్వండి. రెండోది, హై ఫ్రీక్వెన్సీలు టార్చ్ వెలుతురులా ఒక వైపుకే వెళ్తాయి. సీలింగ్ స్పీకర్ నేరుగా కిందికి చూస్తుంది, మీరేమో పక్కకి కూర్చుని ఉంటారు. అందుకే పై స్పీకర్ 45 డిగ్రీలు పక్కకి వచ్చినా శబ్దం తగ్గకుండా వెడల్పుగా పంచేది కావాలని డాల్బీ గైడ్‌లైన్ చెబుతుంది. అలాంటిది దొరక్కపోతే ట్వీటర్‌ని తిప్పుకునే మోడల్ తీసుకుని, సోఫా వైపు తిప్పండి.

ఇక యాంగిల్స్. సోఫాలో కూర్చుని నేరుగా ఎదురుగా చూస్తే 0 డిగ్రీలు అనుకోండి. నడినెత్తి 90. అక్కడి నుంచి వెనక్కి వెళ్తే 90 దాటుతుంది. పైన రెండే పెడితే 65 నుంచి 100 మధ్య, నెత్తికి కొంచెం ముందుగా పెట్టడం బెస్ట్. నాలుగు పెడితే ముందు జత 45 దగ్గర, వెనక జత 135 దగ్గర. అటూ ఇటూ 10 డిగ్రీలు తేడా వచ్చినా కొంప మునగదు. వెడల్పు విషయానికొస్తే, టీవీ పక్కనున్న ఎడమ, కుడి స్పీకర్ల లైన్‌లోనే పైవి కూడా ఉండేలా చూడండి.

ఈ 45 డిగ్రీలకి ప్రొట్రాక్టర్ అక్కర్లేదు. మీ చెవి నుంచి సీలింగ్‌కి ఎంత ఎత్తుందో, అంతే దూరం ముందుకి కొలవండి, అంతే. టెన్త్ క్లాస్‌లో టాన్ 45 ఈజ్ ఈక్వల్ టు 1 అని బట్టీ పట్టాం కదా, అది ఇన్నాళ్లకి ఇలా ఉపయోగపడింది. టేప్ లేకపోతే ఫోన్‌లో యాంగిల్ చూపించే లెవెల్ యాప్ ఓపెన్ చేసి, చెవి దగ్గర పట్టుకుని 45 వచ్చేదాకా వంచండి. ఫోన్ అంచు వెంట చూస్తే సీలింగ్ మీద ఏ చోటు కనిపిస్తుందో, అక్కడే స్పీకర్.

ఇప్పుడు మా హాల్ లెక్క వేద్దాం. పొడవు 18 అడుగులు, వెడల్పు 12. ఫాల్స్ సీలింగ్ ఎత్తు 9 అడుగులు. కూర్చుంటే చెవి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది, అంటే చెవి నుంచి సీలింగ్‌కి ఐదున్నర. సోఫా, మనందరి ఇళ్లలో లాగే, వెనక గోడకి ఆనించి ఉంది. నేను పెట్టించిన ముందు జత టీవీ గోడకి అడుగు దూరంలో ఉంది, అంటే మా చెవికి 15 అడుగుల ముందు. యాంగిల్ ఎంత వస్తుందో తెలుసా? 20 డిగ్రీలు! అది పై స్పీకర్ కాదు, టీవీ పక్కనున్న స్పీకర్‌కి తోడు ఇంకోటి, అంతే. వెనక జతేమో దాదాపు నెత్తి మీదే, గోడకి అతుక్కుని ఉంది. ముందు నుంచి వెనక్కి వెళ్లాల్సిన హెలికాప్టర్, టీవీ దగ్గర మాయమై మా వెనక తేలింది. రైల్వే స్టేషన్ ఎఫెక్ట్ అదన్నమాట.

సరే, మీ ఇంటికి ఏ ఆప్షన్ సెట్ అవుతుందో చూద్దాం. నాలుగున్నాయి.

మొదటిది, పైకి చూసే స్పీకర్లు. వీటిని అప్‌ఫైరింగ్ అంటారు. ముందు స్పీకర్ల మీద పెడితే, శబ్దాన్ని సీలింగ్‌కి కొట్టి మన వైపు పంపుతాయి. పై నుంచి వచ్చినట్టు అనిపించడానికి, చెవి డొప్ప చేసే మార్పుని ముందే సౌండ్‌లో కలుపుతారు. కన్నం కొట్టక్కర్లేదు కాబట్టి అద్దె ఇళ్లకి బాగుంటాయి. కానీ సీలింగ్ చదునుగా, గట్టిగా ఉండాలి, ఎత్తు ఏడున్నర నుంచి 14 అడుగుల మధ్య ఉండాలి. మామూలు స్లాబ్ అయితే సూపర్. కానీ మెట్లు మెట్లుగా, లోపల ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టిన డిజైన్ సీలింగ్ అయితే శబ్దం ఎటు పోతుందో చెప్పలేం. ఇంకో విలన్ మన ఫ్యాన్. స్పీకర్, మీ చెవి ఒకే ఎత్తులో ఉంటే శబ్దం సరిగ్గా సగం దూరంలో సీలింగ్‌కి తగులుతుంది. ఫ్యాన్ అక్కడే తిరుగుతుంటే దారికి అడ్డమే. సీలింగ్‌కి అద్దం ఉందనుకోండి, సోఫాలోంచి చూస్తే అందులో స్పీకర్ ఎక్కడ కనిపిస్తుందో అదే శబ్దం తగిలే చోటు. అది ఖాళీగా ఉంటేనే ఇవి కొనండి. పైకి చూసే డ్రైవర్లున్న సౌండ్‌బార్‌కి కూడా ఇదే రూల్.

రెండోది, ఫ్రంట్ హైట్. టీవీ గోడకే పైన చిన్న స్పీకర్లు బ్రాకెట్‌తో బిగించి, సోఫా వైపు వంచడం. ఇక్కడ కనీసం 30 డిగ్రీలు రావాలి. అంటే చెవి నుంచి స్పీకర్‌కి ఉన్న ఎత్తుకి ఒకటిముప్పావు రెట్లు దూరం దాటి కూర్చోకూడదు. చిన్న గదికి, బెడ్‌రూమ్‌కి ఇది బాగుంటుంది. మా 18 అడుగుల హాల్‌కి పనికిరాదు.

మూడోది, స్లాబ్‌కే చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు వేలాడదీయడం. హామర్ డ్రిల్, యాంకర్ బోల్టులు కావాలి, ఇంటి ఓనర్ పర్మిషన్ కూడా కావాలి. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ స్పీకర్‌ని మీ చెవి వైపే తిప్పొచ్చు కాబట్టి సౌండ్ పరంగా నాకు ఇది చాలా ఇష్టం. వెనకాల వేలాడదీయడానికి వీలున్న మోడలే తీసుకోండి, తల మీద ఉండే వస్తువు కదా.

నాలుగోది, సీలింగ్ లోపల దిగిపోయే స్పీకర్లు. సొంతిల్లు, ఫాల్స్ సీలింగ్ పని ఇంకా అవ్వలేదు అంటే ఇదే. జిప్సమ్ బోర్డు అయితే మంచిది. పల్చటి పీవీసీ ప్యానెల్ అయితే సౌండ్‌కి గిజగిజలాడుతుంది. స్పీకర్ బరువు బోర్డు ఒక్కదాని మీద వేయకుండా, స్లాబ్‌కి ఒక సపోర్ట్ వైర్ కట్టించండి. స్పీకర్ వైర్ 16 గేజ్ సరిపోతుంది, పొడవు 50 అడుగులు దాటితే 14 తీసుకోండి. కరెంట్ వైర్లు వెళ్లే పైపులోనే స్పీకర్ వైర్ వేయనివ్వకండి, విడిగా పైపు అడగండి. ఇప్పుడు స్పీకర్లు కొనకపోయినా పైపు, వైరు వేయించి పెట్టుకోండి. తర్వాత సీలింగ్ కోయించడం కంటే వైర్ చాలా చవక.

ఒక కామన్ మిస్టేక్ కూడా చెప్తా. పక్క సరౌండ్‌ల్ని కూడా చాలామంది గోడ పైన, సీలింగ్ దగ్గర బిగిస్తారు, పిల్లలు ముట్టుకోకుండా అని. అప్పుడు కింద లేయర్ కూడా పైనే ఉంటే, పై లేయర్ ఎక్కడిది? సరౌండ్‌లు చెవి ఎత్తుకి కొంచెం పైన ఉంటే చాలు.

సెట్టింగ్స్‌లో కూడా నిజం చెప్పండి. సీలింగ్‌లో ఉంటే "టాప్" అని, గోడ మీద ఉంటే "ఫ్రంట్ హైట్" అని, పైకి చూసేవైతే "డాల్బీ ఎనేబుల్డ్" అని. ఇంకో విషయం, టీవీ యాప్ నుంచి రిసీవర్‌కి వెళ్లే ఓటీటీ అట్మాస్‌కి మామూలు ఏఆర్‌సీ చాలు, టీవీ సపోర్ట్ చేస్తే. బ్లూ-రే ప్లేయర్‌ని టీవీకి పెట్టి, అక్కడి నుంచి ట్రూహెచ్‌డీ అట్మాస్ పంపాలంటే మాత్రం ఈఏఆర్‌సీ కావాలి. పై స్పీకర్లు చాలా సీన్లలో మౌనంగానే ఉంటాయి, పాడైపోయాయని కంగారు పడకండి.

మరి మా హాల్ ఏమైంది? మొత్తం సీలింగ్ పీకించే ధైర్యం నాకు లేదు. టేప్, పేపర్ పట్టుకుని కూర్చున్నా. సోఫాని 3 అడుగులు ముందుకి జరిపితే, వెనక జత దాదాపు 126 డిగ్రీలకి వచ్చేసింది, కదపక్కర్లేదు. ముందు జతని మాత్రం ఆరున్నర అడుగులు సోఫా వైపు జరపాలి. రెండే కొత్త కన్నాలు. పాత రెండు కన్నాల్లో లైట్లు పెట్టించాం. హాల్ మధ్యలోకి సోఫా వచ్చిందని అమ్మ వారం రోజులు సణిగింది, ఇప్పుడు దాని వెనక బట్టలు మడత పెట్టుకునే బల్ల వేసుకుంది. ఆ మిస్త్రీకి ఫోన్ చేసి, తప్పు నాదే అని కూడా చెప్పా. పాపం, ఆయన అడగాల్సిన ప్రశ్న అడిగాడు, నేనే ఆలోచించకుండా జవాబిచ్చా.

అదే సినిమా మళ్లీ పెట్టా. వర్షం సీన్ వచ్చింది. నాన్న ఒకసారి పైకి చూసి, "ఇప్పుడు స్పీకర్ ఎక్కడుందో తెలియట్లేదురా" అన్నారు. ఫ్రెండ్స్, కరెక్ట్‌గా సెట్ అయిన పై స్పీకర్‌కి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ లేదు. స్పీకర్ వినిపించకూడదు, వర్షం వినిపించాలి.

కాబట్టి స్పీకర్ ఆర్డర్ పెట్టే ముందు, మిస్త్రీకి ఫోన్‌లో జవాబు చెప్పే ముందు, ఒక్కసారి సోఫాలో కూర్చుని చెవి నుంచి సీలింగ్‌కి కొలవండి. మీ హాల్ పొడవు, వెడల్పు, సీలింగ్ ఎత్తు, ఫ్యాన్ ఎక్కడుందో కామెంట్‌లో రాయండి, కుదిరినన్నిటికి లెక్క వేసి చెప్తా. కొత్త ఇల్లు కడుతున్న ఫ్రెండ్ ఉంటే, సీలింగ్ వేయించే లోపే ఈ వీడియో పంపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.