మన రక్తంలో దాగిన కథ



సికిల్ సెల్ జబ్బును మన గూడేల్లో ఇంకా శాపమనో, చేతబడనో అంటుంటారు. అది శాపం కాదు. జన్యువులో వచ్చిన చిన్న మార్పు. దానివల్ల గుండ్రని ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది.

ఇంత కష్టం పెట్టే జన్యువు తరాలు గడిచినా ఎందుకు పోలేదు? మలేరియా వల్ల. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే అది వచ్చిన పిల్లలు ప్రాణం తీసే మలేరియాను బాగా తట్టుకున్నారు. బతికి, తమ పిల్లలకూ ఇచ్చారు. ఇదే ప్రకృతి వరణం. 1954లో ఆలిసన్ అనే శాస్త్రవేత్త ఆఫ్రికాలో దీన్ని చూపించారు. కాబట్టి మన రక్తం తక్కువది కాదు. మన పెద్దలు మలేరియాను దాటి వచ్చారనడానికి గుర్తు.

ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాల్లో ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎక్కువ. కీళ్ల నొప్పులతో రాత్రంతా ఏడ్చే పిల్లల్ని హాస్టళ్లలో మేం చూస్తున్నాం.

2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. పెళ్లి మాటలకు ముందే చేయించుకోండి. వాహకులని తేలితే సిగ్గుపడకండి, దాచకండి. అడవిలో మనల్ని కాపాడింది జన్యువు. ఇక మన పిల్లల్ని కాపాడాల్సింది మన తెలివిడే.