పాత అంబాసిడర్ కింది భాగం

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 2014 వరకు తయారైన అంబాసిడర్ కారును, అందులోనూ తొలితరం బండిని, పునరుద్ధరించేటప్పుడు ఇంజన్ కన్నా ముందుగా మెకానిక్ సహనాన్ని పరీక్షించేది దాని కింది భాగమే. ఇనుము తుప్పుగా మారినప్పుడు పరిమాణం పెరుగుతుంది కాబట్టి, వెనుక కమాను పట్టీలను బాడీకి కలిపే షాకిల్ పిన్ను ఉన్నచోటే బిగుసుకుపోతుంది. సుత్తితో బాదితే దాని కొస నలిగి, వెడల్పై, రంధ్రంలో మరింత ఇరుక్కుంటుంది. అందువల్ల తుప్పు వదిలించే పల్చటి నూనెను ముందురోజే పోసి నాననిచ్చి, నట్టును ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిలించడం, అప్పటికీ లొంగకపోతే చుట్టూ ఉన్న లోహాన్ని వేడిచేయడం సరైన పద్ధతి. అయితే ముందు చక్రాలపై పడే బరువును మోసే టార్షన్ బార్, అంటే మెలితిరుగుతూ స్ప్రింగుగా పనిచేసే ఉక్కు కడ్డీ, దరిదాపులకు మంటను తేకూడదు. వేడికి ఉక్కు పదును పోతుంది, పైగా మెలికలోని బలాన్ని ముందుగా విడుదల చేయకుండా విప్పితే చేతులు విరిగే ప్రమాదం ఉంది.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక పాత ఉక్కు గొట్టాలు లోపలినుంచి కూడా తుప్పు పడతాయి. పైకి బాగున్నాయని వాటినే మళ్లీ బిగించడం పొదుపు అనిపించుకోదు. రాగి, నికెల్ మిశ్రమ గొట్టాన్ని పాతదాని వంపుల ప్రకారమే వంచి, కొసను కూడా అదే ఆకారంలో విప్పార్చాలి. ద్రవం కారకుండా ఆపే ఈ కొసనే ఫ్లేర్ అంటారు. అలా విప్పార్చేముందు గొట్టానికి నట్టు ఎక్కించడం మరిచిపోవడం అనుభవజ్ఞులకూ జరిగేదే. తరువాత మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి గొట్టాల్లోని గాలిని తీసివేయాలి. ఆ పనిలో ఒలికిన ద్రవం పెయింటును లేపేస్తుంది కాబట్టి వెంటనే నీటితో కడగాలి.