మన పని కూడా కేసు షీట్లో రాయించాలె
(గార్లలో కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాడ తమ్ముడొకడు మిరపతోటల్లో మందు కొట్టే కూలి. చిగుళ్ళ వెంట రక్తం కారింది. ఒంటిమీద మచ్చలు లేచినయి. గాలి సోకిందన్నరు. రక్తం తక్కువుందని గోలీలు మింగించిండ్రు. చివరికి పెద్దాసుపత్రిలో తుంటి ఎముక నుంచి మూలుగ తీసి చూస్తే అప్లాస్టిక్ ఎనీమియా అని తేలింది. అతని కేసు షీటు మేం చదివినం. పేరుంది, ఊరుంది, వయసుంది. పని అన్నచోట ఖాళీ!

రక్తం తయారయ్యేది ఎముకల మూలుగలోనే. అది ఎండిపోతే ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోతయి. అందుకే ఆయాసం, విడవని జ్వరం, ఆగని రక్తం. ఇది అరుదైన జబ్బే. ఆసియా దేశాల్లో ఏటా పది లక్షల మందిలో నలుగురైదుగురికి వస్తుంది. అంటురోగం కాదు, చేతబడి కాదు.

చాలామందిలో కారణం దొరకదు. దొరికిన కారణాల్లో మాత్రం మన బతుకులు కనిపిస్తయి. చెప్పులు అతికించే సొల్యూషన్‌లో కలిపిన బెంజీన్ వల్ల చెప్పుల కార్మికుల మూలుగ దెబ్బతిన్నదని ఇస్తాంబుల్ డాక్టరు ముజఫర్ అక్సోయ్ 1970లలో లోకానికి చూపించిండు. పెట్రోలులోనూ బెంజీన్ ఉంటది. థాయిలాండ్‌లో జబ్బున్నోళ్ళనూ లేనోళ్ళనూ పోల్చి 2006లో అచ్చేసిన పరిశోధన, కొన్ని పురుగుమందులు తాకినవాళ్ళలో ఈ ముప్పు ఎక్కువని చెప్పింది. రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీ 1934లో ఈ జబ్బుతోనే పోయింది. ఒకప్పుడు టైఫాయిడ్‌కు విరివిగా ఇచ్చిన క్లోరాంఫెనికాల్, ఫిట్స్‌కు ఇచ్చే కార్బమజెపిన్ వంటి మందులతో కూడా అరుదుగా వస్తుంది. అట్లని డాక్టరు రాసిన గోలీలు మీ అంతట మీరు ఆపొద్దు.

తమ్ముడికి పురుగుమందు వల్లనే వచ్చిందని మేం తీర్పు చెప్పం. కానీ ఏం పని చేస్తవని అడగకుండానే కాదని ఎట్లంటరు? రాయని పని లెక్కల్లోకి రాదు. లెక్కల్లో లేని జబ్బుకు బాధ్యులుండరు. పంపు వీపున మోసేది మనమే, నీళ్ళు తెచ్చి ఉత్త చేతుల్తో మందు కలిపేది మన ఆడోళ్ళే. పంట మాత్రం ఆసామిది!

1971 పురుగుమందుల నియమాలు మందు చల్లేవాళ్ళకు తగిన రక్షణ బట్టలుండాలని చెప్తున్నయి. అది దయ కాదు, చట్టం.

కాబట్టి మూడు పనులు చేద్దాం. గ్లవ్సులు, మాస్కు ఇవ్వనిదే పంపు ఎత్తొద్దు. ఒంటిమీద మచ్చలు, చిగుళ్ళ రక్తం, తగ్గని జ్వరం కనిపిస్తే సూది వేయించుకుని ఊరుకోకుండా, మానుకోట పోయి సీబీపీ పరీక్ష చేయించుకుందాం. మూడు కణాలూ తగ్గితే రక్తరోగాల డాక్టరు దగ్గరికి పంపమని అడుగుదాం. ఈ జబ్బుకు వైద్యముంది. ఏ ఆసుపత్రికి పోయినా కొట్టిన మందు డబ్బా పేరు, మింగిన గోలీల పేరు చెప్పి, మన పని కేసు షీట్లో రాయించుకుందాం.

మన పేరు రాసుకున్నోళ్ళు మన కష్టం కూడా రాయాలె. జై భీమ్!