తీరిక లేని యింట పెరటితోట



పట్టణములో ఉద్యోగము చేసికొనువారితో మొక్కల మాట యెత్తినంతనే వచ్చు సమాధానము ఒకటి కలదు: "మాకు తీరిక యెక్కడిది?" మేమును చాలకాలము ఆ మాటయే అంటిమి. భార్యాభర్తలము ఇద్దరమును ఉద్యోగస్థులము. పిల్లలను బడికి పంపి ఎనిమిదింటికి ఇల్లు వెడలినచో దీపాలవేళకు గాని తిరిగి చేరము. అట్టి మా యింట నేడు ఆకుకూరలు, మిరప, చిక్కుడు పెరుగుచున్నవి. మాకు తీరిక దొరకలేదు; తీరిక అక్కరలేని పద్ధతి దొరకినది. ఆ పద్ధతిని మాకు నేర్పినది ఇటిక్యాలలోని ఒక పెరడు.

ఇటిక్యాల మా ఊరు. జోగుళాంబ గద్వాల జిల్లాలో ఉన్నది. 2016లో జిల్లాలను విడదీయుటకు పూర్వము పాలమూరు జిల్లాలోనిది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ భూమిని నడిగడ్డ యందురు. ఇరువైపుల రెండు నదులు పారుచున్నను, నది యొడ్డు విడిచిన చేనికి వానచినుకే దిక్కుగా నుండిన కాలమును మా పెద్దలు చూచినారు. అందుచే ఇంట నీటిని ఒక్కసారి వాడి పారబోయుట మా తల్లిగారి అలవాటులో లేదు. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు, చేతులు కడుగుకొన్న నీరు ఇంటి వెనుక చిన్న కాలువగా పారి, గోంగూర మడికిని చిక్కుడు పాదునకును చేరెడిది. ఆ పెరటిని ఎవరును తోట యనలేదు. దానికై ఎవరును ప్రత్యేకముగా వేళ కేటాయింపలేదు. నీళ్ళకు పోవునప్పుడు ఒక చూపు, అంట్లు తోమునప్పుడు ఒక చెంబెడు నీరు, వంటకు ముందు నాలుగు ఆకులు, అంతే. ఇంటిపనుల దారిలోనే ఆ పెరడు ఉండెను.

మా తండ్రిగారు గతించిన పిమ్మట ఆ పెరడు అమ్ముడుపోయినది. తల్లిగారు హైదరాబాదునకు మా వద్దకు వచ్చిరి. వచ్చునప్పుడు ఒక పాతగుడ్డ మూటలో ఆ పెరటి చిక్కుడు గింజలు తెచ్చిరి. ఎన్ని ఏండ్ల నుండియో ఏటేట దాచి విత్తిన గింజలవి.

ఆమెను సంతోషపెట్టవలెనని మేము ఉత్సాహపడితిమి. ఇంటి యజమాని అనుమతితో ఒక ఆదివారము మేడమీద ఇరువది కుండీలు పేర్చితిమి. తొమ్మిది రకముల విత్తనములు కొంటిమి. మూటలోని గింజలలో ఎక్కువ భాగము అందులోనే విత్తితిమి. అది మే నెల. వారము నడుమ మేడ యెక్కుటకు మాకు వీలుపడలేదు. ఆ లోపము తీర్చుటకై ఆదివారము నాడు బకెట్లతో నీరు పోసితిమి. నెల తిరుగకముందే కొన్ని ఎండినవి, కొన్ని వేరు కుళ్ళినవి. చిక్కుడు ఒక్కటియు నిలువలేదు. మూటలో పదకొండు గింజలు మిగిలినవి. తల్లిగారు ఏమియు అనక మూటను మరల తన పెట్టెలో దాచుకొనిరి. ఆమె ఏమైన అనియున్న మాకు అంత బాధ కలిగి యుండదు.

జూన్ మొదటి వారములో మిరుగము ప్రవేశించినది. మృగశిర కార్తెను మా వైపు మిరుగమందురు. విత్తనమునకు అది వేళ. అప్పుడు ఆమెయే మాట కదిపిరి. "ఇరవై కుండీలు ఎందుకు బిడ్డా? అయిదు చాలు. మీరు తిరిగే కాడ పెట్టండి" అనిరి. వంటయింటి వెలుపలి వసారాలో నాలుగు, మేడమీద బట్టలు ఆరవేయు తీగ ప్రక్కన ఒక పెద్ద తొట్టి పెట్టించిరి. వంటకై వసారాలోనికి పోకతప్పదు. బట్టలకై మేడ యెక్కకతప్పదు. ఆ రెండు చోట్లను మాకు పనిలేని దినమే లేదు. మొక్కకై మనము వేళ వెదకుట గాక, మన వేళ నడుచు చోట మొక్కను ఉంచవలెను. క్రొత్తగా మొదలిడువారికి మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే. తక్కినవన్నియు దీని తరువాతివి.

ఆ తరువాతి విషయములలో మొదటిది ఎండ. ఆకుకూరలకు దినమునకు నాలుగు గంటల ఎండ చాలును. మిరప, వంగ, టమాట, చిక్కుడు వంటి కాయజాతులకు ఆరు గంటలైనను కావలెను. కనుక విత్తనము కొనుటకు ముందు ఒక సెలవునాడు మీ వసారాలో ఎండ ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోవుచున్నదో గమనింపుడు.

రెండవది మన్ను. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలిపిన చాలును. పచ్చి పెంట వేసిన వేళ్ళు మాడును. కుండీ అడుగున రంధ్రము తప్పక ఉండవలెను. దానిపై ఒక పెంకుముక్క బోర్లించిన మట్టి జారదు. మేడమీద పెట్టువారు బరువును మరువరాదు. ఘనపు అడుగు తడిమట్టి 45 కిలోలకు తక్కువ తూగదు. అట్టి తొట్లను మేడ నడుమ గాక గోడల మీదుగా వచ్చు అంచులలో ఉంచుట క్షేమము.

మూడవది నీరు. మేము చేసిన తప్పు ఇక్కడనే. పైమన్ను ఆరినట్లు కనబడగానే నీరు పోయరాదు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో దింపి చూడవలెను. తడి తగిలినచో ఆనాటికి నీరక్కరలేదు. పొడిగా నున్న రంధ్రము నుండి చెమ్మ కారువరకు మెల్లగా పోయవలెను. వేరునకు నీరు ఎంత అవసరమో గాలియు అంత అవసరము. నిత్యము నీటమునిగిన మట్టిలో గాలి ఉండదు, వేరు కుళ్ళును. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు గనుక మొక్క పైకి దప్పిగొన్నట్లే వాడును. క్రొత్తవారు దానిని చూచి మరికొంత నీరు పోయుదురు. మేమును అట్లే చేసితిమి.

ఏమి విత్తవలెననిన, మొదట పోపులపెట్టె తెరువుడు. మెంతులు అందులోనే ఉన్నవి. విత్తిన నెలలోపల కూరకు వచ్చును. ధనియములను రెండు బద్దలుగా నలిపి చల్లినచో కొత్తిమీర మొలచును. అది చల్లని నెలలలో బాగుండును, మండుటెండలో సరిగా రాదు. తోటకూర నెలనాళ్ళకు కోతకు వచ్చును. తెలంగాణమున పుంటికూర యనబడు గోంగూరను మొదలంట పెరుకక కొసలు త్రుంచినచో మరల చిగురించును. అంగడిలో కొన్న పుదీనా కాడలు నాలుగు తడిమట్టిలో గ్రుచ్చిన వేరుతొడుగును. అన్ని కుండీలను ఒకేనాడు విత్తక పది దినములకు ఒక కుండీ వంతున విత్తినచో, ఒకటి కోయుసరికి మరియొకటి అందివచ్చును.

పురుగు కనబడగానే మందుల కొట్టునకు పరుగెత్తవలదు. పేనుబంక, పిండినల్లి తరచుగా ఆకు అడుగున చేరును. దినమున కొకసారి ఆకు త్రిప్పి చూచు అలవాటున్నచో వానిని తొలినాడే వ్రేలితో తుడిచివేయవచ్చును. మించినప్పుడు లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగ సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లవలెను. ఏప్రిలు, మే నెలలలో నీడవల కట్టి, వేరు మీద ఎండుటాకులు పరచిన చాలును. ఆ రెండు నెలలు క్రొత్తవి విత్తకుండుట మేలు.

ఇక విత్తనమును గూర్చి ఒక మాట. మా గద్వాల ప్రాంతము సంకర ప్రత్తివిత్తనములకు పేరుపొందినది. అచ్చటి చేలలో కూలీలు ఒక్కొక్క మొగ్గను చేతితో విప్పి, కేసరములు తీసివేసి, మరియొక రకపు పుప్పొడిని అద్దుదురు. అట్లు పుట్టిన సంకరవిత్తనమునుండి మనము గింజ దాచి విత్తినచో తల్లి గుణము లన్నియు తిరిగి రావు, ఏటేట కొనవలసినదే. చిక్కుడు అట్టిది కాదు. అది చాలవరకు తన పువ్వులోనే ఫలదీకరణ చెందును గనుక దాచిన గింజ తల్లివలెనే కాయును. పెరటి చిక్కుడు ఒక ఇంట తరతరములు నిలుచుట ఇందుచేతనే.

పదకొండు గింజలలో అయిదింటిని ఆ యేడు ఆషాఢమున తల్లిగారు తమ చేతితో తొట్టిలో నాటిరి. మూడు మొలచినవి. తీగ బట్టల తీగను అల్లుకొన్నది. పగటివేళ తగ్గి చలి మొదలైన పిమ్మట గాని చిక్కుడు పూయదు. ఆ సంగతి తెలియక కార్తికము వరకు మేము కలత చెందితిమి, ఆమె చెందలేదు. సంక్రాంతికి కూర వచ్చినది. రథసప్తమికి పొరుగువారు చిక్కుడాకులు అడిగి తీసికొనిపోయిరి. ఆమె కొన్ని కాయలను ఎవరిని తాకనీయక తీగమీదనే ఎండబెట్టిరి. ఇప్పుడు మూటలో చారెడు గింజలున్నవి.

ఈ కుండీలు అంగడి ఖర్చును మాన్పునని మేము చెప్పము. ప్రపంచ ఆరోగ్యసంస్థ దినమునకు మనిషికి 400 గ్రాముల కూరలు, పండ్లు తినుమని చెప్పుచున్నది. అయిదు కుండీలు అంత ఇయ్యవు. వారమునకు రెండు పూటల ఆకుకూర, కావలసినప్పుడు పుదీనా, కొత్తిమీర, మిరప మాకు లభించుచున్నవి. పట్టు శ్రమ ఉదయము పది నిమిషములకు మించదు. 1965లో ఆహారధాన్యముల కొరత యేర్పడినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు ఢిల్లీలోని తమ నివాసపు పచ్చికబయలును దున్ని పైరు వేయించిరి. ఆ కొద్ది నేల దేశపు ఆకలి తీర్చునని వారు అనుకొనియుండరు. పండించువాని కష్టము ఇంటింట తెలియవలెనన్నచో ఇంటింట కొంత పండవలెను.

హైదరాబాదు కుళాయిలకు కృష్ణానీటిని నాగార్జునసాగరు జలాశయము నుండి గొట్టముల ద్వారా ఎక్కించి తెచ్చుచున్నారు. మా ఊరి చేరువ బీచుపల్లి వద్ద పారిన నదియే అంత దూరము తిరిగి మా యింటికి వచ్చుచున్నది. ఈ సంగతి చెప్పిన నాటినుండి తల్లిగారు బియ్యము కడిగిన నీటిని మమ్ము ఒక్క చుక్కయు పారబోయనీయరు.

ఇరువది కుండీలతో మొదలిడకుడు. మీరు ప్రతిదినము నిలుచు చోట ఒక కుండీ పెట్టి, గుప్పెడు మెంతులు చల్లుడు. ఉదయము అటు పోవునప్పుడు వేలు పెట్టి చూడుడు. మొదటి పంట కోసిన నాడు రెండవ కుండీ సంగతి ఆలోచింపవచ్చును.