మైహరు వాద్యబృందము – మన కర్తవ్యము

(పఠనమందిరమున సమావేశమైన పౌరుల యెదుట చేసిన ఉపన్యాసము)



న్యాయస్థానమున వాదించుకొని బ్రతుకువారము సంగీతమును గూర్చి మాటాడుట సాహసమే. రాగలక్షణములు వివరింప మేము సమర్థులము కాము. కాని పలువురు కలసి వాయించు సంగీతము నిలుచుటకుగాని నశించుటకుగాని కారణములు సంగీతశాస్త్రమునందే లేవు. పౌరుల నడవడియందును గలవు. ఆ భాగమును గూర్చి చెప్పుట కర్హులమని తలంచి యీ వేదిక నెక్కితిమి.

మన కచేరీలలో విద్వాంసు డొకడు ముందు గూర్చుండును, తక్కినవారు ప్రక్కవాద్యములు. భరతముని కుతపమను పేర వాద్యసముదాయమును నాట్యశాస్త్రమున వర్ణించినను, పదిమంది సమానముగ గూర్చుండి యొక్క గొంతుకతో పలుకు బృందము మనకు నేడు అరుదు. అట్టిదాని నొక చిన్న యూరు నూరేండ్లకు పైగా కాపాడుకొన్నది. ఆ యూరు మైహరు.

మైహరు మధ్యప్రదేశమునం దున్నది. ఊరి చేరువను త్రికూటగిరిపై శారదాదేవి యాలయము గలదు. పూర్వమది యొక చిన్న సంస్థానము. బ్రజనాథసింగు మహారాజు కాలమున ఉస్తాదు అల్లాఉద్దీన్ ఖానుగారు అచట ఆస్థాన విద్వాంసులుగ నుండిరి. 1918వ సంవత్సరమున ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశమును చుట్టుముట్టెను. మైహరులో నెందరో పిల్లలు తలిదండ్రులను గోల్పోయిరి. అట్టి యనాథబాలకులను జేరదీసి, వారిచేత ఖానుగారు వాద్యములు పట్టించిరి. మైహరు బ్యాండు పుట్టుక యిది.

ఇట్టి పని యాయనకే ఏల తోచెను? ఆయన జీవితమే దీనికి సమాధానము. తూర్పు వంగదేశమున శివపురమను పల్లెలో బుట్టి, సంగీతముకొరకు బాల్యముననే యిల్లు విడచి కలకత్తాలో అన్నసత్రములను వెదకికొన్నవా డాయన. నాటకశాలల వాద్యగోష్ఠిలో చేరి, ఫిడేలు మొదలగు పాశ్చాత్యవాద్యములు నేర్చి, తుదకు రాంపురమున వజీరుఖానుగారికి శిష్యుడయ్యెను. ఆకలి యెట్లుండునో, గురువు దొరకకుండుట యెట్లుండునో రెండును ఆయన యెరుగును. కావున ఆ పిల్లలలో ఆయనకు దిక్కులేని వారు కనబడలేదు. తన బాల్యమే కనబడెను.

ఆ బృందమున సితారు, ఇస్రాజు, తబలాలతోపాటు ఫిడేలు, చెల్లో, హార్మోనియము, పియానో సైతము చేరినవి. చాలనిచో ఆయన క్రొత్తవి కల్పించెను. తుపాకిగొట్టములను వేర్వేరు పొడవులుగ కోయించి, వరుసగ నమర్చి, నల్‌తరంగమను వాద్యమును చేయించెను. సభాసదులారా! ప్రాణము దీయుటకు పోతపోసిన యినుము, తలిదండ్రులు లేని బిడ్డల చేతిలో స్వరము పలికినది. అహింసను గూర్చి మేము విన్న యుపన్యాసములలో నేదియు దీనిని మించదు.

ఆయన పరమకఠినుడైన గురువు. నమాజు తప్పనివాడు, శారదాదేవికి మ్రొక్కక యుండనివాడు. రవిశంకరు, అలీ అక్బర్ ఖాను, అన్నపూర్ణాదేవి మొదలగు మహావిద్వాంసు లాయన శిష్యులే. 1972లో ఆయన మరణించెను. అంతకు ముందే సంస్థానము పోయెను, రాజపోషణము పోయెను. అయినను ప్రభుత్వాశ్రయమున బృందము నిలిచియున్నది; ఆయన కూర్చిన గతులు ఒకతరమునుండి మరొకతరమునకు సంక్రమించుచునే యున్నవి.

నాయకత్వ మన నేమో ఇక్కడ విచారింపదగును. ఖానుగారు ప్రతి వాద్యము బరువు నెరిగి నడిపెను. 1972లోనే అమెరికాలోని న్యూయార్కు నగరమున ఆర్ఫియస్ అను వాద్యబృందము పుట్టినది. వారికి కఱ్ఱ చేతబట్టి నిలుచు నిర్దేశకుడే లేడు. ఒక్కొక్క కృతికి ఒక్కొక్కరు నాయకత్వము వహింతురు. ఒకచోట కఠినగురువు, మరియొకచోట గురుపీఠమే లేదు. రెంటికిని మూలసూత్ర మొక్కటే: తాను వాయించుటకంటె ముందు ప్రక్కవానిని వినుట. విననివాడు నాయకుడు కాజాలడు, అనుచరుడును కాజాలడు. స్వరాజ్యమునకును ఇదియే శ్రుతి.

మన ఆంధ్రదేశమునను ఇట్టి యుదాహరణము లేకపోలేదు. ఆస్థానోద్యోగి యొకరి కుమారుడు, అంధుడైన బాలుడు, సంగీతము నేర్చుకొనుటకు వీలు కలిగింపవలెనని విజయనగర మహారాజుగారు 1919లో సంగీతకళాశాల నెలకొల్పిరని చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి యధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచట ఫిడేలు నేర్పిరి. ఒక్క బిడ్డకొరకు తెరచిన తలుపున ఎన్నివందలమంది ప్రవేశించిరో చూడుడు!

ఇక మా తప్పు చెప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట మన యూరి యువకులు కొందరు రెండు ఫిడేళ్లు, వీణ, వేణువు, మృదంగము కలిపి బృందముగ నేర్పడిరి. పోషకసంఘమునకు మేమే కార్యదర్శులము. నెలచందాలు వ్రాసితిమి, వసూలు చేయలేదు. ఆహ్వానపత్రికపై ఎవరి పేరు ముందుండవలెనను విషయమున పలుమారులు సమావేశమైతిమి. ఫిడేలు వాయించు బాలునకు తంతులు కొనిపెట్టుట కొక్కమారైనను సమావేశము కాలేదు. ఏడాది తిరుగకమునుపే వారు చెదరిపోయిరి. వాద్యములు శ్రుతి తప్పలేదు, తప్పినవారము మేము.

మరల నవకాశము వచ్చినది. ఈ పఠనమందిరపు వెనుకగదిలో ప్రతి యాదివారము సాయంకాలము పేటపిల్లలు వాద్యములు నేర్చుకొనుచున్నారు. వృద్ధుడైన నాదస్వర విద్వాంసు డొకరును, ఫిడేలు నేర్పు ఉపాధ్యాయిని యొకరును ప్రతిఫలము గోరక వారిని నడుపుచున్నారు. ఆ గదిని బట్టలకొట్టునకు సరకు నిలువచేయుటకై అద్దెకిచ్చు ప్రతిపాదన సంఘము నెదుట గలదు. అద్దె వచ్చిన గ్రంథములు కొనవచ్చుననుట నిజమే. ప్రతిపక్షమువారి వాదమును తేలికచేయుట మా వృత్తిధర్మము కాదు. బీరువాలు శిథిలమైనవని మేమును ఎరుగుదుము. కాని గ్రంథములకు ధనము మన మిండ్లనుండి తేగలము. ఆ పిల్లలు కలసి కూర్చుండు చోటును ఎవరి యింటినుండి తేగలము?

కావున రెండు ప్రార్థనలు. ఆ గదిని పిల్లలకే యుంచుడు. అద్దెవలన వచ్చు ధనమును మనము చందాలుగ నిత్తము. ఈసారి వ్రాయుట కాదు, చెల్లింతము. మొదటి యేడాది చందాను మేము ఈ బల్లపైన నుంచి దిగుచున్నాము. ఆహ్వానపత్రికపై మా పేరు వలదు.