సఫ్‌లో ఖాళీగా ఉన్న చోటు

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆయన దాసుడు, అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సఅసం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక!



నమాజు ఆరంభానికి ముందు ఇమామ్ గారు మనవైపు తిరిగి, సఫ్‌లు సరిచేసుకోమంటారు. మనం భుజానికి భుజం కలుపుతాము. నడుమ ఖాళీ కనబడితే ఒకడుగు జరిగి పూరిస్తాము. అయితే ఏళ్ళ తరబడి మన సఫ్‌లో కానరాని మనుషులు కొందరున్నారు. వారు ఊరు విడిచి పోలేదు. మన వీధిలోనే, ఇంటి లోపలి గదిలో ఉన్నారు. ఒకరికి ఇతరులకు వినబడని మాటలు వినిపిస్తుంటాయి. మరొకరు నిద్రకూ ఆకలికీ దూరమై, గోడవైపు తిరిగి పడుకొని ఉంటారు. అడిగితే ఇంటివారు "ఒంట్లో బాగాలేదు" అంటారు. నిజం తెలిస్తే ఆడపిల్లల నిఖా నిలిచిపోతుందని వారి భయం. ఆ భయాన్ని వారిలో కలిగించినది మనమే.

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పెద్దవారిలో 10.6 శాతం మంది అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలింది. వ్యాధిని బట్టి 70 నుండి 92 శాతం వరకు రోగులకు చికిత్సే అందడం లేదని కూడా తేలింది. ఆ లెక్కన మన మహల్లాలో 100 మంది పెద్దలుంటే పదిమంది ఈ బాధలో ఉండవచ్చు. వారిలో అధికులు ఏ వైద్యుణ్ణీ చూసి ఉండరు.

ఇటువంటివారిని చూసి మనం తొందరపడి అనే మాట ఒకటుంది: "ఈమాన్ బలహీనంగా ఉంది, నమాజు చేస్తే అన్నీ సర్దుకుంటాయి." హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలామ్) గారి ఈమాన్ బలహీనమైనదా? కుమారుని ఎడబాటుకు ఆయన కన్నులు తెల్లబడేంతగా దుఃఖించారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతున్నది. హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్) ప్రసవ వేదనలో ఇంతకు ముందే మరణించి ఉంటే బాగుండేదని తలపోశారు. అల్లాహ్ ఆమెను నిందించలేదు. ఖర్జూర పండ్లనూ, నీటినీ ప్రసాదించి ఊరడించాడు. బాధలో ఉన్నవారికి ముందు అందవలసినది ఊరట. ఉపదేశం ఆ తరువాతి మాట.

మనం అనే రెండవ మాట: "ఇది జిన్ను పని." జిన్నుల ఉనికిని మనం విశ్వసిస్తాము. కాని వైద్యుణ్ణి చూపించక మునుపే ఫలానా రోగం జిన్ను వల్లనే కలిగిందని తీర్పు చెప్పే జ్ఞానం మనకెక్కడిది? చికిత్స చేయించుకోవచ్చునా అని ఎడారివాసులు అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) చేయించుకోమనే ఆదేశించారు. వృద్ధాప్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు నిచ్చాడని తెలిపారు. ఇందులో మనసు వ్యాధులను ఆయన మినహాయించలేదు. మన పూర్వీకులు ఈ ఉపదేశాన్ని ఆచరణలో పెట్టారు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, కారణం తెలిసిన దుఃఖాన్నీ కారణం కానరాని దుఃఖాన్నీ వేరుచేసి, రెండవదాని మూలం దేహంలో ఉంటుందని వివరించాడు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన వైద్యశాలలో మతిస్థిమితం లేనివారికి ప్రత్యేక విభాగం ఉండేది.

అటువంటి సముదాయానికి వారసులమైన మన కళ్ళెదుట ఏమి జరిగిందో స్మరించండి. మన చిత్తూరు సరిహద్దుకు ఆవల, తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఎర్వాడిలో స్వస్థత కోరి మనోరోగులను దర్గా చెంతకు తెచ్చేవారు. వారిని ఉంచడానికి సమీపంలో ప్రైవేటు వసతి గృహాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున అలాంటి ఒక పాకకు నిప్పంటుకున్నది. గొలుసులతో కట్టివేయబడి ఉన్నందున పారిపోలేక 28 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిని అక్కడ విడిచివెళ్ళిన తల్లిదండ్రులు నిర్దయులని అనలేము. అనేకులకు మరో దారి తెలియదు. తెలియజెప్పవలసినవారు మౌనంగా ఉన్నారు. ఆ మౌనంలో మనకూ పాలున్నది. నేడు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. అయినా చట్టం ఇంటి గది తలుపు తెరవలేదు. ఆ తలుపు తట్టవలసినది పొరుగువారమైన మనం.

ఎలా తట్టాలో దైవప్రవక్త (సఅసం) నేర్పి వెళ్ళారు. మదీనాలో మతి సరిగా లేని ఒక స్త్రీ ఆయన వద్దకు వచ్చి, తమతో పని ఉన్నదని చెప్పింది. ఆయన ఆమెను గౌరవంగా సంబోధించి, ఏ వీధిలో మాట్లాడదలిస్తే ఆ వీధినే ఎంచుకోమన్నారు. ఆమెతో పాటు వెళ్ళి, ఆమె పని తీరేవరకు నిలిచారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉన్నది. ఒక సముదాయానికంతటికీ నాయకులైన వారికి ఎన్ని పనులుండి ఉంటాయో ఆలోచించండి! అయినా ఆమెను మరొకరికి అప్పగించలేదు, మాట మధ్యలో ఆపలేదు. చోటు ఎంచుకునే హక్కును సైతం ఆమెకే ఇచ్చారు.

కనుక సోదరులారా, మన మస్జిద్ ఆ మదీనా వీధి వంటిది కావాలి. ఇందుకు మనం చేయగలిగినవి ఉన్నాయి.

మొదటిది, దుఆతో పాటు దవా. ఖుర్ఆన్ పారాయణం మనసుకు సాంత్వన. దాని పేరుతో మాత్రలు మాన్పించడం అన్యాయం. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. వేలూరు సి.ఎం.సి. వారి మానసిక వైద్య కేంద్రంలో కుటుంబ సభ్యులు రోగి వెంట ఉండి చికిత్సలో పాలుపంచుకుంటారు. పుంగనూరు నుండో పీలేరు నుండో అక్కడికి నెలనెలా వెళ్ళడం కూలి చేసుకునే కుటుంబానికి భారమే. ఒకనాటి కూలి పోతుంది, బస్సు ఛార్జీ కావాలి. జకాత్‌కు అర్హులైన పేదలకు ఆ సొమ్ము నుండి మందులకూ ప్రయాణానికీ ఇవ్వడం మన విధి.

రెండవది, రంజాన్ మాసం. ఉపవాసం కోసం సొంతంగా మందులు ఆపిన రోగికి వ్యాధి తిరగబెట్టవచ్చు. లిథియం వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు ప్రమాదకర స్థాయికి చేరగలదు. రోగికి అల్లాహ్ సడలింపు ఇచ్చి ఉన్నాడు. ముందుగా వైద్యుణ్ణి సంప్రదించి, ఆయన వద్దంటే ఆ సడలింపును సంతోషంగా స్వీకరించాలి.

మూడవది, ఎవరైనా బ్రతకాలని లేదని అంటే, వెంటనే అది హరామ్ అని మందలించి ముగించవద్దు. ప్రక్కన కూర్చోండి, వినండి, ఒంటరిగా విడువవద్దు, వైద్యుని వద్దకు తోడు వెళ్ళండి. ప్రభుత్వ టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

నాలుగవది, సంరక్షించే తల్లినీ, భార్యనూ మరువవద్దు. జ్వరం వస్తే పరామర్శకు వెళ్ళే మనం ఆ గడప మాత్రం ఎందుకు తొక్కము? రోగి పరామర్శ ముస్లింపై ముస్లింకు ఉన్న హక్కు.

ఈ జుమా నుండి వచ్చే జుమాలోగా మనలో ప్రతి ఒక్కరం అటువంటి ఒక ఇంటికి వెళ్దాము. రాగలిగిన స్థితిలో ఉంటే ఆ సోదరుణ్ణి వెంటబెట్టుకొని వచ్చి, మన ప్రక్కనే సఫ్‌లో నిలుపుకుందాము. రాలేకపోతే అతడు చెప్పేది విని వద్దాము.

ఓ అల్లాహ్! మనోవేదనలో ఉన్నవారికి స్వస్థత ప్రసాదించు. వారిని కంటికి రెప్పలా కాచేవారికి సహనాన్నీ, బలాన్నీ అనుగ్రహించు. మా నాలుకల వల్ల వారికి కలిగిన గాయాలను మన్నించు. వారి తలుపు తట్టే భాగ్యాన్ని మాకు కలిగించు. ఆమీన్!