అర పాయింటు విలువ



చదరంగంలో గెలుపు గురించి అందరూ చెప్పుకుంటారు. ఇవాళ గెలుపూ ఓటమీ కాని ఆటను గురించి, అంటే డ్రాను గురించి, నాలుగు మాటలు చెబుతాను. “ఎవరూ గెలవని ఆటలో చెప్పుకోవడానికేముందండీ?” అంటారేమో. ఉంది, వినండి.

2024 సెప్టెంబరులో హంగరీ రాజధాని బుడాపెస్టులో చదరంగం ఒలింపియాడ్ జరిగింది. ఇది జట్ల పోటీ. ఒక్కో జట్టు నుంచి నలుగురు నాలుగు బల్లల దగ్గర ఒకేసారి ఆడతారు. ఆట గెలిస్తే 1 పాయింటు, డ్రా అయితే అర. అవన్నీ కూడి ఎవరిది పైచేయి అయితే ఆ జట్టుకు 2 పాయింట్లు. సమమైతే చెరొకటి.

మన మహిళల జట్టు మొదటి 7 రౌండ్లూ గెలిచింది. ఎనిమిదో రౌండులో పోలండు చేతిలో ఓడింది. తొమ్మిదోది అమెరికాతో సమం. ఇక మిగిలినవి రెండే. పదో రౌండులో ఎదురైంది చైనా!

మొదటి బల్ల దగ్గర మన గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక. ఎదుట ఝు జినెర్. ఇద్దరూ గ్రాండ్‌మాస్టర్లే. పోలండుతో ఓడినవారిలో హారిక కూడా ఉంది. అటువంటప్పుడు ఎవరికైనా పంతం వస్తుంది కదూ? పంతానికి పోయి ఓడితే నష్టం ఒక్కరిది కాదు, నలుగురిదీను. ఆ ఆట డ్రా అయింది. వైశాలి, వంతికల ఆటలూ డ్రాలే. దివ్యా దేశ్‌ముఖ్ ఒక్కర్తే గెలిచింది. లెక్క చూశారా? మనకు 2.5, చైనాకు 1.5!

మర్నాడు అజర్‌బైజాన్‌ను 3.5–0.5తో ఓడించి, మన మహిళలు మొట్టమొదటిసారి బంగారు పతకం తెచ్చారు. ఆ రోజు హారిక కూడా గెలిచింది. చివరికి మనకు 19 పాయింట్లు, కజకస్తానుకు 18. చైనాతో ఆ మూడు డ్రాలలో ఒక్కటి ఓటమి అయివుంటే మనకూ 18 పాయింట్లే వచ్చేవి!

ఈ హారికే 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో నిండు చూలాలుగా ఆడి, జట్టుతోపాటు కంచు పతకం అందుకుంది. నిలదొక్కుకోవడమంటే ఏమిటో ఆమెకు వేరే చెప్పాలా?

మీ పిల్లలు బడి పోటీ నుంచి వచ్చి “డ్రా అయిందమ్మా” అంటే, “అంతేనా?” అని మొహం ముడుచుకోకండి. “ఏ ఎత్తుతో తట్టుకున్నావు, ఏదీ చూపించు” అని బల్ల ముందు కూర్చోండి. పొయ్యి మీద పప్పు ఓ పావుగంట ఆగితే ఏమీ పోదు. ఉంటాను మరి.